పిట్టల దగ్గరికి మేళం

మా భజన మండలి అధ్యక్షుడికి పిట్టలంటే ఎంత ప్రేమో ఊరంతా ఎరుగును. మలేసియాలో మా ఊరు సుంగై పెటాని. ఇక్కడి బజారులో ఆయన హార్డ్‌వేర్ కొట్టు ముందు కరెంటు తీగల మీద ఏటా వానకోయిలలు వచ్చి వాలతాయి. ఎక్కడో చలి దేశాల నుంచి సముద్రాలు దాటి, రెక్కలు అరిగిపోయేలా ఎగిరి వచ్చిన పిట్టలవి. వాటి రెట్టలు తన కారు మీద పడుతున్నాయని ఈయన మేడ మీద ప్లాస్టిక్ గుడ్లగూబను నిలబెట్టాడు. అది చాలక సాయంత్రం పూట కొట్లో పనివాళ్ళ చేత రేకు డబ్బాలు వాయింపిస్తాడు. అలాంటి మనిషి ఒక ఆదివారం భజన అయ్యాక, హారతి పళ్ళెం ఇంకా తిరుగుతుండగానే, గొంతు సవరించుకుని, "మన మండలికి గ్రాంటు ఒచ్చింది. వలస పక్షుల్ని కాపాడాల," అన్నాడు.

నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

రామభజన చేసుకునేవాళ్ళకి పక్షుల గ్రాంటేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. పిల్లల చేత బొమ్మలు వేయించి, ఆ బొమ్మల ద్వారా వలస పక్షుల గురించి జనానికి తెలియజెప్పే సంఘాలకు డబ్బిచ్చే సంస్థ ఒకటుందట. అధ్యక్షుడి కోడలు సైబర్‌జయలో ఉద్యోగం చేస్తుంది, ఫారాలు నింపడంలో అందె వేసిన చెయ్యి. 'మీ సమాజానికీ వలస పక్షులకీ ఉన్న సంబంధం ఏమిటి?' అని ఫారంలో ఒక ప్రశ్న. మావాళ్ళకి తరతరాలుగా ఈ పక్షులతో విడదీయరాని అనుబంధం ఉందని ఆ అమ్మాయి రాసిపారేసింది. అనుబంధం ఉన్నమాట నిజమే. మా తాత రబ్బరు తోటలో పని చేసే రోజుల్లో పిట్ట దొరికితే ఉప్పూ కారం పట్టించి కాల్చుకుని తినేవాడు.

అంతకు ముందు ఏడాది ఇలాగే చెత్తతో ఎరువు తయారు చేసే గ్రాంటు ఒకటి తెచ్చారు. ఆ పచ్చ డబ్బాలు ఇప్పటికీ భజన మందిరం గుమ్మం ముందే ఉన్నాయి. వాటిలో మేం చెప్పులు పెట్టుకుంటాం.

బొమ్మల పోటీ అనేసరికి అందరి తలలూ నా వైపు తిరిగాయి. ముప్ఫై ఏళ్ళు తమిళ బడిలో డ్రాయింగ్ టీచర్ని మరి. ఆ ముప్ఫై ఏళ్ళలో నేను పిల్లలకి నేర్పిందేమిటయ్యా అంటే మందార పువ్వు, జాతీయ జెండా, రెండు కొండల మధ్య సూర్యుడు, గీత దాటకుండా రంగు. నా చేతి కింద ఒక్క చిత్రకారుడూ తయారు కాలేదు. అయినా మా చుట్టుపక్కల ఎక్కడ బొమ్మల పోటీ జరిగినా నేనే జడ్జీని. బ్యానర్ మీద 'ప్రధాన న్యాయనిర్ణేత' అని వేస్తారు. అది చదువుకుంటే ఎవరికో ఉరిశిక్ష వెయ్యబోతున్నట్టు నాకే భయమేస్తుంది.

నా మనవరాలు నా దగ్గరే ఉంటుంది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తుంది. పిల్లకి అప్పుడు పదిహేనేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం మలయ్‌లోనో ఇంగ్లీషులోనో వస్తుంది, అదీ వస్తే. రోజుకి పది మాటలు మాట్లాడిందంటే ఆ రోజు మా ఇంట్లో పండగే. ఎప్పుడు చూసినా చేతిలో పెన్సిలు ఉంటుంది. బల్లి, చీపురు, సింకు కింద గొట్టం, కంటికి ఏది కనిపిస్తే అది గీస్తుంది. రంగు వెయ్యదు. 'శ్రద్ధ తక్కువ, రంగులు వాడదు' అని వాళ్ళ డ్రాయింగ్ టీచరు ప్రోగ్రెస్ కార్డులో రాశాడు. నేనైనా అదే రాసి ఉండేదాన్ని. అదీ నా చదువు.

గ్రాంటు షరతు ప్రకారం పిల్లలు పోటీకి ముందు ఆరు శనివారాలు సముద్రం ఒడ్డుకి వెళ్ళి పిట్టల్ని కళ్ళారా చూడాలి. మా ఊరి నుంచి కారులో గంట లోపు ప్రయాణం. ఒడ్డున మట్టి కట్ట, కట్టకి అటువైపు మడ చెట్లు, అవి దాటితే కనుచూపు మేరా బురద. ఇటువైపు ఎవరో తవ్వి వదిలేసిన రొయ్యల చెరువులు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు బురదంతా మునిగిపోతుంది కదా, అప్పుడు పిట్టలన్నీ కట్ట దాటి వచ్చి ఈ ఎండిన చెరువుల్లో నిలబడి నిద్రపోతాయి. పోటు తీశాక మళ్ళీ బురదలోకి పోయి తింటాయి. మలయ్ జాలరులు వీటన్నిటినీ కలిపి కెడిడి అంటారు. మా మండలి వాళ్ళు కాకులంటారు.

సంస్థ తరఫున ఇక్కడి చీనా వాళ్ళ అమ్మాయి ఒకతె వచ్చేది. పాతికేళ్ళుంటాయేమో, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, ఎండకి మాడిపోయిన మొహం. ఎంత దూరంలో కూర్చోవాలో, ఎలా కదలకుండా ఉండాలో, దుర్భిణిలోంచి ఎలా చూడాలో ఓపిగ్గా చెప్పేది. మొదటి శనివారం మా వాళ్ళు వ్యాను నిండా వచ్చారు. పిల్లలు పదకొండు మంది, తల్లులు అంతకంటే ఎక్కువ, కరిపాప్ కజ్జికాయల డబ్బాలు తల్లుల కంటే ఎక్కువ. దుర్భిణిలో చూసిన మొదటి తల్లి మొహం చిట్లించింది.

"ఇవేటి, ఇలగున్నాయి? రంగు లేదు, రూపం లేదు. మట్టిబెడ్డల్లాగున్నాయి."

"నెమలి లాంటిది ఏటైనా ఒస్తాదేమో అడగండి టీచరమ్మా," అంది ఇంకొకామె.

నెమలి సముద్రం దాటి వలస రాదని చెప్పాను. అలాగయితే ఈ పోటీలో గెలిచే బొమ్మ ఎలా ఉండాలో ముందే చెప్పెయ్యమంది. చెబితే ట్యూషన్‌లో నేర్పించుకుంటుందట. రెండో శనివారానికి పిల్లలు ఐదుగురయ్యారు. మూడోసారి నుంచి నేనూ నా మనవరాలూ మాత్రమే మిగిలాం, నా పాత కారులో. అయినా మండలి హాజరు పుస్తకంలో పదకొండు మందికీ టిక్కులు పడుతూనే ఉన్నాయి. మా కార్యదర్శి సంతకాలు చాలా అందంగా పెడతాడు, పదకొండు రకాలుగా.

నాకు మొదట్లో ఒళ్ళు మండేది. ఎండ, దోమలు, బురద కంపు. పిల్ల మాత్రం కట్ట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే రెండు గంటలు రాయి. దానికి అందులో ఒక పిట్ట దొరికింది. పొడవాటి ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది, కుడి కాలికి పసుప్పచ్చ ప్లాస్టిక్ ముక్క కట్టి ఉంటుంది. ఎక్కడెక్కడ తిరుగుతుందో తెలుసుకోవడానికి ఏ దేశంలోనో ఎవరో కట్టారట. ప్రతి శనివారం ఆ ఒక్క పిట్టనే వెతుక్కునేది. అది తల వెనక్కి తిప్పి ఆ బారెడు ముక్కుని రెక్కల్లో దోపుకుని ఒంటికాలి మీద నిద్రపోతుంటే, దాని రెక్క మీది ఒక్కొక్క మచ్చా గీసేది. చీనా అమ్మాయి పిల్ల బొమ్మల పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా తిరగేసింది. తరవాత నాతో ఇంగ్లీషులో అంది, పోటీ రోజున ఇక్కడే కూర్చుని వేసిన బొమ్మల్లో ఒకటి ఎంచి, ఈ కట్ట మొదట్లో పెద్ద బోర్డుగా నిలబెడతామని. ఇక్కడ పిట్టలు నిద్రపోతున్నాయి, దగ్గరికి రావద్దు, చప్పుడు చెయ్యొద్దు అని జనానికి చెప్పే బోర్డు. బండ్ల వాళ్ళూ కుక్కలూ సెల్ఫీల వాళ్ళూ వచ్చి మాటిమాటికీ లేపేస్తుంటే, తిరిగి వెళ్ళే ప్రయాణానికి కావలసిన కొవ్వు పట్టదట వాటికి. దారిలోనే రాలిపోతాయట.

ఆ రోజు కారులో పిల్ల ఉన్నట్టుండి నోరు తెరిచింది. తెలుగులో.

"అమ్మమ్మా, ఆ బోర్డు నాకు కావాల."

పుట్టినప్పటి నుంచీ అది నన్ను ఏమీ అడగలేదు. కొత్త బట్టలు అడగలేదు, ఫోను అడగలేదు. అడగని పిల్ల అడిగేసరికి నా కళ్ళు చెమర్చి బండి కాస్త పక్కకి పోయింది. నేను జడ్జీని కదా, నా మనవరాలికి నేనెలా ఇస్తానన్నాను. ఎంచేది ఆ చీనా అక్క, నువ్వు కాదంది. అదీ నిజమే. పోటీకి కప్పులూ బహుమతి బుట్టలూ మావి, బోర్డు సంస్థది.

ఇక్కడి వాళ్ళందరిలాగే మాట చివర మలయ్ 'లా' తగిలించి మళ్ళీ అంది. "కానీ డ్రమ్ వద్దు అని సెప్పు. మీ వాళ్ళు డ్రమ్ తెస్తారు లా. పిట్టలు ఎల్లిపోతాయి."

ఆ పిల్ల మా వాళ్ళని బాగా ఎరుగును. మా వాళ్ళు మేళం లేకుండా ఏ పనీ చెయ్యరు. పెళ్ళికి మేళం, చావుకి మేళం, రక్తదాన శిబిరానికి మేళం. డెంగ్యూ దోమల మీద అవగాహన సదస్సు పెడితే దానికీ ఉరుమి మేళం పెట్టి దోమలకి తప్ప అందరికీ అవగాహన కలిగించారు. ముఖ్య అతిథి కారు దిగేటప్పుడు డోలు మోగకపోతే ఆయన వచ్చినట్టే కాదు.

"సెప్తాను లేయే. నేను సెప్తే ఇనరేటి?" అన్నాను.

పోటీకి వారం ముందు మందిరంలో మీటింగు పెట్టారు. ఎజెండాలో పిట్టలు లేవు. ముఖ్య అతిథి ఎవరు, బ్యానర్ ఎన్ని అడుగులు, బహుమతి బుట్టల్లో బిస్కట్లా మైలో పొడి డబ్బాలా, ఇవీ చర్చలు. దాతో బిరుదున్న ఒక పెద్దమనిషి రావడానికి ఒప్పుకున్నాడని అధ్యక్షుడు ప్రకటించగానే చప్పట్లు మోగాయి. కార్యదర్శి లేచాడు.

"దాతో గారు ఒస్తున్నారంటే మరి మేళం ఉండాల కదేటి. పన్నెండు మంది కుర్రోళ్ళతో మాట్లాడేసినాను."

నేను నోరు తెరిచాను. అమ్మ తోడు, తెరిచాను. "ఒక మాట," అని కూడా అన్నాను.

"ఆగండాగండి టీచరమ్మా, మీ మాటకే ఒస్తన్నాను," అన్నాడు అధ్యక్షుడు, నవ్వుతూ. "ఇన్నేళ్ళ సేవకి మండలి తరఫున ఈసారి టీచరమ్మకి శాలువా. దాతో గారి సేతుల మీదుగా."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ అధ్యక్షుడి తాత మా తోటలో గుమాస్తా, మేం క్రాణి అనేవాళ్ళం. మా నాన్న చెట్లకి గాటు పెట్టి పాలు తీసే మనిషి. జీతంలో కోత పడినప్పుడల్లా ఆ క్రాణి ఇంటి మెట్ల కింద నిలబడేవాడు, నేను ఆయన వేలు పట్టుకుని పక్కనే. మెట్టెక్కమని ఎవరూ అనలేదు. ఎండలో నిలబడి, పైనున్న వాళ్ళతో తల వంచుకుని మాట్లాడి, తల వంచుకునే వచ్చేవాళ్ళం. నేను టీచర్నయ్యాక, రిటైరయ్యాక కూడా మండలిలో శాలువాలు ఎప్పుడూ క్రాణి ఇళ్ళ వాళ్ళకే పడ్డాయి. మా వాళ్ళకి పులిహోర వడ్డించే పని.

అందుకని, శాలువా అనగానే, నా నోరు మూతపడింది. "ఏదో అనబోయారు?" అని కార్యదర్శి గుర్తు చేశాడు కూడా, పాపం.

"ఏటీ లేదు. పిల్లలకి గొడుగులు తెమ్మని," అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. "సెప్పినావా?" అంది.

"ఆఁ," అన్నాను, చెప్పులు విప్పుతూ, దాని మొహం చూడకుండా.

పోటీ రోజు సముద్రం నిండు పోటు మీద ఉండే వేళ పొద్దున పదింటికి పడింది. చీనా అమ్మాయి వారం ముందే కాగితం పంపింది, మట్టి రంగు బట్టలు వేసుకు రమ్మని. మా వాళ్ళు పిల్లలందరికీ నారింజ రంగు టీషర్టులు కుట్టించారు. వీపు మీద అధ్యక్షుడి హార్డ్‌వేర్ కొట్టు పేరు. బ్యానర్ మీద గులాబీ రంగు ఫ్లెమింగోలు, ఈ దేశపు నేల మీద ఏనాడూ కాలు పెట్టని పక్షులు, కంప్యూటర్లోంచి దింపినవి. ఇది చూసి ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని తెరిచింది. గ్రాంట్లిచ్చే వాళ్ళకి కూడా ఓర్పు చాలా ఉండాలి.

అయినా మొదటి గంట బాగానే గడిచింది. ఎండిన చెరువు నిండా పిట్టలు, నేల కనపడనంత. వెళ్ళిపోయే నెల కాబట్టి ఒక్కొక్కటీ బాగా బలిసి గుండ్రంగా ఉంది. పిల్లలు కట్ట మీద వరసగా కూర్చున్నారు. ఎవరూ చెరువు వైపు చూడటం లేదు. ట్యూషన్‌లో బట్టీ పట్టిన బొమ్మని గబగబా దించుతున్నారు, చిలక ఒకరు, హంస ఒకరు, పురి విప్పిన నెమలి ముగ్గురు. నా మనవరాలు మాత్రం అందరికీ దూరంగా, మడ చెట్టు నీడన, పాత ఖాకీ చొక్కా వేసుకుని కూర్చుంది. కాలికి పసుప్పచ్చ ముక్క కట్టిన పిట్ట దొరికిందని నాకు చెయ్యి ఊపి చూపించింది. ఆ మొహంలో వెలుగు చూసి, దేవుడా, ఆ దాతో కారు దారిలో పంక్చరైపోతే బాగుండు అని మొక్కుకున్నాను. నోరు తెరిచి ఒక్క మాట చెబితే ఆగిపోయేదాన్ని దేవుడి నెత్తిన పడేశాను.

కారు పంక్చరవలేదు. గంట ఆలస్యంగా, నల్లగా మెరుస్తూ, నేరుగా కట్ట మీదికే వచ్చేసింది. డోరు తెరుచుకుంది. పన్నెండు మంది కుర్రాళ్ళు ఒక్కసారిగా దరువు ఎత్తుకున్నారు.

చెరువులోని నేల మొత్తం పైకి లేచింది. వందలు, వందలు. ఆకాశంలో ఒకసారి ఇటు తిరిగాయి, ఒకసారి అటు తిరిగాయి, దిగడానికి చోటు లేదు, బురదంతా నీళ్ళ కింద ఉంది. చీనా అమ్మాయి రబ్బరు బూట్లతో పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ ఊపింది, ఆపండి ఆపండి అని. మేళం కుర్రాళ్ళు ఆమె ఉత్సాహపడి ఊపుతోందనుకున్నారు. దరువు రెట్టింపు చేశారు. ఇద్దరు తల్లులు ఆమెతో పాటు చేతులు ఊపారు. మా అధ్యక్షుడు మైకు అందుకుని ఆకాశం వైపు చెయ్యి చాచాడు.

"చూడండి! దాతో గారికి వలస పక్షులు కూడా లేచి స్వాగతం చెబుతున్నాయి!"

చప్పట్లు. దాతో గారు పిట్టలకి నమస్కారం పెట్టాడు.

ఆ వెంటనే నన్ను పిలిచారు. బంగారు అంచు శాలువా, ఎర్రది, భుజాల మీద పడింది. ఆ ఎండలో దుప్పటి కప్పినట్టుంది. ఫోటోగ్రాఫరు, "టీచరమ్మా, నవ్వండి, సప్పట్లు కొట్టండి," అన్నాడు. నవ్వాను. చప్పట్లు కొట్టాను. నా పైన పిట్టలు ఇంకా చోటు దొరక్క తిరుగుతున్నాయి. ఫోటో తీశాక తల తిప్పితే మడ చెట్టు కింద నుంచి నా మనవరాలు నన్నే చూస్తోంది. ఏడవడం లేదు, కోపంగా లేదు. పిట్టని చూసినట్టు చూస్తోంది. చూసి, తల వంచి, గియ్యడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం టెంటు కింద బొమ్మలు నా బల్ల మీదికి వచ్చాయి. నెమళ్ళు, చిలకలు, హంస. హంస మెడలో ముత్యాల హారం. అన్నిటికంటే అడుగున నా మనవరాలి కాగితం. ఎడమ మూల ఒక పిట్ట సగం ఉంది, రెక్క మీది మచ్చలన్నీ ఉన్నాయి, కాళ్ళు లేవు, ముక్కు లేదు, అక్కడితో ఆగిపోయింది. దాని వెనక ఖాళీ చెరువు, మట్టి నిండా పాదాల గుర్తులు. కుడి వైపు కట్ట మీద మేళం వాళ్ళ వీపులు, డోళ్ళు. మైకు పట్టుకున్న ఒక పొట్ట, తల వరకూ రాకుండానే కాగితం అంచు వచ్చేసింది. మధ్యలో ఒక ముసలావిడ. భుజాల మీద శాలువా, నోరు పూర్తిగా తెరిచి నవ్వు, చప్పట్లకి ఎత్తిన చేతులు. మొత్తం బొమ్మలో మొహం కనిపించేది ఆమె ఒక్కదానిదే. నా ముందు పన్ను మీద చిన్న విరుపుంది. అది కూడా ఉంది.

అధ్యక్షుడు నా భుజం మీది నుంచి తొంగి చూశాడు. "ఇదేటి? పిట్ట ఏదీ?"

"ఎల్లిపోనాది," అన్నాను.

"పిట్టల పోటీలో పిట్ట లేకపోతే ఎలగ టీచరమ్మా?"

ఆ మాట పట్టుకున్నాను నేను. నీళ్ళలో మునిగేవాళ్ళు కర్ర పట్టుకున్నట్టు పట్టుకున్నాను. పిట్ట పూర్తిగా లేదు కదా, నియమం ప్రకారం మార్కులు వెయ్యకూడదు కదా. ఆ కాగితాన్ని మళ్ళీ కాగితాల కట్ట అడుక్కే తోసేసి, పురి విప్పిన నెమళ్ళలో ఒకదానికి మొదటి బహుమతి రాశాను. నెమలికి తోకలో రంగులు చాలా శ్రద్ధగా వేశారు. ఎక్కడా గీత దాటలేదు.

తిరుగు ప్రయాణంలో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. శాలువా వెనక సీటులో పడి ఉంది. "నాను సెబుదామనే అనుకున్నానే," అన్నాను. ఆ మాట అబద్ధం కాదు, అయినా అబద్ధం కంటే చండాలంగా వినిపించింది. ఆ తరవాత పది రోజులు ఇంట్లో రోజుకి పది మాటలు కూడా లేవు. తలుపు దగ్గర చెప్పులు, సింకులో కంచం, అంతే దాని ఆనవాలు. పెన్సిలు చేత్తో పట్టడం చూడలేదు.

మండలి మాత్రం మహా సంబరంలో ఉంది. రిపోర్టు తయారైంది. 'యువతలో గణనీయమైన మార్పు' అని కార్యదర్శి రాశాడు. పైన ఎగురుతున్న పిట్టల ఫోటో అట్ట మీద వేసుకున్నారు, చాలా బాగా వచ్చిందని మురిసిపోయారు. ప్రాణభయంతో లేచిన పిట్టల ఫోటో ఎప్పుడైనా బాగానే వస్తుంది.

పదకొండో రోజున చీనా అమ్మాయి మా ఇంటికి వచ్చింది, చేతిలో గొట్టంలా చుట్టిన కాగితం. నేను అడుక్కి తోసేసిన బొమ్మ. ఆ రోజే టెంటు సర్దుతున్నప్పుడు కాగితాల కట్టలోంచి తీసుకుందట. బల్ల మీద పరిచి, బోర్డుకి ఇదే కావాలంది. చప్పుడు చెయ్యొద్దని ఎన్ని పిట్టల బొమ్మలు పెట్టినా జనం పట్టించుకోరు, ఇది పెడితే ఆగి చూస్తారంది. అయితే ఒక చిక్కు ఉంది. బొమ్మలో గుర్తు పట్టేలా ఒకరి మొహం ఉంది, వాళ్ళు ఒప్పుకుని సంతకం పెట్టాలి. మేళం వాళ్ళవి వీపులే, మైకు ఆయనది పొట్టే, కాబట్టి మిగిలింది నేను ఒక్కదాన్నే. ఇష్టం లేకపోతే ఫర్వాలేదు, నెమలి బొమ్మ వేసేస్తామంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం మీరు చూడాల్సింది.

నా మనవరాలు వీధి గుమ్మంలో నిలబడి ఉంది. గోడకి ఆనుకుని, కాలి బొటనవేలితో నేల రాస్తూ.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ముంచుకొచ్చింది. అరవై దాటిన మనిషిని, టీచర్ని, ఊరి దారిన పోయే ప్రతివాడూ చూసి నవ్వేలా కట్ట మీద నిలబెడతారా? అసలు మేళం పెట్టించిన పెద్దమనిషి పొట్టగా, వాయించిన వాళ్ళు వీపులుగా హాయిగా తప్పించుకుపోయారు. అప్పుడు గుర్తొచ్చింది, మెట్ల కింద మా నాన్న నిలబడ్డ నిలుపు. ఆయన ఎన్నడూ అబద్ధమాడి తల వంచలేదు. నేను మెట్టెక్కించారన్న సంబరంలో ఆడాను, అదీ పదిహేనేళ్ళ పిల్లతో.

అయినా బేరమాడాను. నా బుద్ధి అంతే. "సరే గానీ, ఆ శాలువా ఒకటి తీసెయ్యవే. మామూలు సీర కట్టించు. అప్పుడు పెడతాను సంతకం."

పిల్ల మొదటిసారి తల ఎత్తింది.

"అది తీస్తే అబద్ధం లా, అమ్మమ్మా."

అంతే అంది. గట్టిగా కూడా అనలేదు. నేను చెప్పులు విప్పుతూ 'ఆఁ' అన్న గుమ్మం అదే. నా చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. పెన్ను అడిగాను. సంతకం పెట్టాను. గీత దాటకుండానే పెట్టాను, ముప్ఫై ఏళ్ళ అలవాటు.

అధ్యక్షుడు ఆ బోర్డు చూసి ఇంటికి వచ్చి గొడవ చేశాడు. మండలి పరువు తీసేశారన్నాడు. "ఆ బొమ్మలో మీరెక్కడున్నారు బాబూ? ఎవరిదో పొట్ట కదేటి," అన్నాను. తన పొట్ట తనదేనని ఒప్పుకోవడానికి ఆయనకి మనసు రాలేదు. వచ్చే ఏడాదికి సముద్రపు తాబేళ్ళ గ్రాంటుకి ఫారం పెట్టారని విన్నాను. మన సమాజానికీ తాబేళ్ళకీ తరతరాల అనుబంధం. ప్రధాన న్యాయనిర్ణేతగా ఈసారి వేరే వాళ్ళని చూసుకోమన్నాను. మేళం కుర్రాళ్ళు వాళ్ళే.

పిట్టలు మళ్ళీ వచ్చే నెలల్లో ఒక శనివారం మేమిద్దరం కట్ట దగ్గరికి వెళ్ళాం. పిల్ల మెడలో సెకండ్‌హ్యాండ్ దుర్భిణి, నేను కొనిపెట్టింది. కాలికి పసుప్పచ్చ ముక్క కట్టిన పిట్ట వచ్చిందో లేదో ఇంకా తెలియదు, వెతుకుతోంది. కట్ట మొదట్లో బోర్డు నా ఎత్తుకి రెండింతలుంది. మధ్యలో నిలువెత్తున నేను, నోరు తెరిచి నవ్వుతూ. కింద నాలుగు భాషల్లో, పిట్టలు నిద్రపోతున్నాయి, చప్పుడు చెయ్యకండి అని. మలయ్, చీనా, తమిళం, ఇంగ్లీషు. తెలుగు పెట్టలేదు. మాకు బొమ్మ చాలనుకున్నారు కాబోలు.

వలల బుట్ట కట్టుకుని మోటారుసైకిలు మీద వచ్చిన మలయ్ జాలరి ఒకాయన బోర్డు దగ్గర ఇంజను ఆపేశాడు. బండిని చేత్తో తోసుకుంటూ నా పక్కకి వచ్చి, ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి బోర్డు వైపు చూశాడు.

"మక్చిక్," అన్నాడు, పిన్నిగారూ అన్నట్టు, మర్యాదగా. "ఆ బోర్డు మీదున్నది మీరేనా?"

నా మనవరాలు దుర్భిణి దించి నా వైపు చూసింది. ఏమంటానో అని.

"నేనే," అన్నాను. మెల్లిగానే అన్నాను, అవతల పిట్టలు నిద్రపోతున్నాయి.